ఒక లెక్క, నలుగురు పిల్లలు

నాలుగో తరగతి గదిలో బోర్డు మీద 52 – 27 అని రాసి ఉంది. ఇది రెండో తరగతి నుంచి పిల్లలు చేస్తూ వచ్చిన లెక్కే. ఒకే గదిలో ఉన్న నలుగురు పిల్లలు దీన్ని ఎలా చేస్తారో కాస్త దగ్గరగా చూద్దాం.

మొదటి అమ్మాయి 35 అని రాసింది. రెండులోంచి ఏడు పోదు. అందుకని ఏడులోంచి రెండు తీసేసి ఐదు వేసింది. ఐదులోంచి రెండు తీసేసి మూడు వేసింది. ఇది కంగారులో జరిగిన పొరపాటు కాదు. 83 – 48 ఇస్తే 45 అంటుంది. ఏ లెక్క ఇచ్చినా ఇదే దారిలో వెళ్తుంది. 'పెద్దదాంట్లోంచి చిన్నది తీసెయ్యాలి' అని ఒకటో తరగతిలో విన్న మాటను ప్రతి నిలువు వరసకూ వర్తింపజేస్తోంది. '52లో ఈ ఐదు ఎంత?' అని అడిగితే 'ఐదే' అంటుంది.

రెండో పిల్లవాడు 25 అని రాశాడు. నోటుబుక్కు చివరి పేజీలో 52 గీతలు గీశాడు. 27 కొట్టేశాడు. మిగిలినవి వేలు పెట్టి లెక్కబెట్టాడు. జవాబు సరైనదే. మూడో అమ్మాయి కూడా 25 అనే రాసింది. ఐదు కొట్టేసి నాలుగు చేసింది, రెండు పక్కన ఒకటి పెట్టి పన్నెండు చేసింది, తీసివేసింది. ఆ ఒకటి ఎక్కడి నుంచి వచ్చిందంటే 'టీచర్ అలాగే చెయ్యమన్నారు' అంటుంది. నాలుగో పిల్లవాడు కాగితమే ముట్టలేదు. 27కి మూడు కలిపితే 30, ఇంకో 22 కలిపితే 52, కాబట్టి 25 అని కూర్చున్నచోటే చెప్పాడు.

దిద్దితే మూడు ఒప్పులు, ఒక తప్పు. మార్కుల రిజిస్టరులో ఒక పాప వెనకబడింది, ముగ్గురికి తీసివేత వచ్చు. కానీ ఆ ముగ్గురికీ 400 – 136 ఇచ్చి చూడండి. గీతలు గీసే పిల్లవాడు నాలుగు వందల గీతలు గీయలేడు. అప్పు తెచ్చుకునే అమ్మాయి పక్కింట్లో సున్నా కనబడగానే ఆగిపోతుంది. నాలుగో పిల్లవాడు మాత్రం 136కి నాలుగు కలిపి 140, అరవై కలిపి 200, మరో 200 కలిపి 400, మొత్తం 264 అంటాడు. ఒకే జవాబు రాసిన ముగ్గురూ మూడు వేర్వేరు చోట్ల ఉన్నారు. ఇక బోర్డు మీద ఉన్నది యాభై రెండని చదవడమే రాక, పక్కవాడి పలక చూసి రాసే అయిదో పిల్లవాడు కూడా చాలా తరగతుల్లో ఉంటాడు.

స్థాయిని బట్టి బోధన అంటే ఈ తేడాలను ముందు కనిపెట్టి, తర్వాత పాఠాన్ని వాటికి తగ్గట్టు మలచుకోవడం. తెలివైన పిల్లలకు కష్టమైన లెక్కలు, మిగతావాళ్ళకు తేలిక లెక్కలు ఇవ్వడమే ఇదని చాలామంది అనుకుంటారు. కానీ మొదటి అమ్మాయికి తేలికైన తీసివేతలు పది ఇస్తే, 47 – 23 లాంటివి, అన్నీ ఒప్పే చేస్తుంది. అప్పు అవసరం లేని లెక్కల్లో ఆమె తప్పు దారి కూడా సరైన జవాబుకే చేరుస్తుంది. ఆమెకు కావలసింది స్థాన విలువ (అంకె ఉన్న చోటును బట్టి దానికి వచ్చే విలువ). పదేసి పుల్లల కట్టలు అయిదు, విడి పుల్లలు రెండు ఆమె చేతికిచ్చి, ఏడు పుల్లలు ఇవ్వమని అడగాలి. రెండే ఉన్నాయి. అప్పుడు ఆమె ఒక కట్ట విప్పుతుంది. 'అప్పు' అన్న మాట అప్పటిదాకా చెప్పనక్కర్లేదు. గీతల పిల్లవాడికి పదేసి చొప్పున దూకడం నేర్పాలి. మూడో అమ్మాయికి తను చేస్తున్న పని పుల్లల్లో ఎలా ఉంటుందో చూపించాలి. నాలుగో పిల్లవాడి సంగతి తర్వాత చూద్దాం.

ఒకే తరగతిలో ఇంత తేడా ఎందుకుంటుంది? పిల్లల తెలివిని అనేముందు ఏర్పాటును చూడాలి. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం ప్రకారం, పిల్లలు వయసుకు తగ్గ తరగతిలో కూర్చుంటారు. బడి మానేసి వచ్చిన తొమ్మిదేళ్ళ పాపను ఒకటో తరగతిలో వేయరు, నాలుగులో వేస్తారు. ఇది మంచి నిబంధనే. పెద్ద పిల్లను చిన్న పిల్లల మధ్య కూర్చోబెడితే ఆమె మళ్ళీ బడి మానేస్తుంది. కానీ దాని ఫలితంగా తరగతి అనేది వయసును చెబుతుంది తప్ప, వచ్చిన చదువును చెప్పదు. దీనికి తోడు 2020, 2021ల్లో కరోనా వల్ల బడులు నెలల తరబడి మూతపడ్డాయి.

లెక్కల స్వభావం ఇంకో కారణం. సాంఘిక శాస్త్రంలో ఒక పాఠం పోతే ఆ పాఠమే పోతుంది. లెక్కల్లో ఒక మెట్టు పోతే పైవన్నీ పోతాయి. స్థాన విలువ రాకపోతే తీసివేత రాదు, తీసివేత రాకపోతే భాగహారం రాదు, భాగహారం రాకపోతే భిన్నాలు అర్థం కావు. పుస్తకం మాత్రం ఏడాదికో మెట్టు ఎక్కుతూనే ఉంటుంది. ఢిల్లీలో కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెహాంద్రో గానిమియన్ అనే ఆర్థికవేత్తలు చేసి 2019లో ప్రచురించిన అధ్యయనంలో, ఆరో తరగతి సగటు విద్యార్థి లెక్కల్లో సుమారు రెండున్నర తరగతులు వెనకబడి ఉన్నట్టు తేలింది. ఒకే తరగతిలోని పిల్లల స్థాయిల్లో అయిదారు తరగతుల తేడా కనిపించింది. అంటే టీచర్ ఏ ఒక్క స్థాయిలో చెప్పినా ఎక్కువ మందికి అది అందదు.

దేశం మొత్తం మీద ఎలా ఉందో ప్రథమ్ సంస్థ 2005లో మొదలుపెట్టిన 'అసర్' సర్వే చెబుతుంది. 2024 సర్వేలో, గ్రామీణ ప్రాంతాల్లో మూడో తరగతి పిల్లల్లో 33.7 శాతం మంది రెండంకెల తీసివేత చేయగలిగారు. అయిదో తరగతిలో మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించగలిగినవారు 30.7 శాతం. కరోనా తర్వాత 2022లో వచ్చిన అంకెల కంటే ఇవి మెరుగే. అయినా అయిదో తరగతి పుస్తకం దశాంశాల దగ్గర ఉంటే, గదిలో మూడింట రెండు వంతుల మంది భాగహారం దగ్గరే ఆగి ఉన్నారు.

ఈ సర్వే పరీక్ష తీరు టీచర్లు నేర్చుకోదగ్గది. పరీక్షంతా ఒకే కాగితం మీద ఉంటుంది, ఒక్కో పిల్లవాడితో విడిగా కూర్చుని అడుగుతారు. అన్నిటికంటే తేలికైన దాంతో మొదలుపెట్టరు, మధ్యలో ఉన్న తీసివేతతో మొదలుపెడతారు. అది వస్తే పైకి, భాగహారానికి వెళ్తారు. రాకపోతే కిందికి దిగి, రెండంకెల సంఖ్యలు చదవమంటారు. అవీ రాకపోతే ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకెలు చూపిస్తారు. అలా కొద్ది నిమిషాల్లో ఆ పిల్లవాడు ఎక్కడున్నాడో తెలిసిపోతుంది. నలభై ప్రశ్నల పేపరు ఇచ్చి, 'నూటికి 38' అని తేల్చితే ఈ విషయం తెలియదు. దీనికి నేనొక చిన్న ప్రశ్న చేర్చమంటాను: 'ఎలా చేశావు?' పైన చూసిన నలుగురినీ విడదీసింది ఆ ప్రశ్నే.

ఇంకో జాగ్రత్త కూడా ఉంది. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మీడియం వచ్చింది. పుస్తకాలు ఒక పేజీ తెలుగులో, ఎదుటి పేజీ ఇంగ్లీషులో ఉంటున్నాయి. మాటల్లో ఇచ్చిన లెక్క ఒకటి పిల్లవాడు చేయలేదంటే, రానిది లెక్కా, భాషా? అదే లెక్కను తెలుగులో నోటితో అడిగి చూస్తే తేలిపోతుంది. భాష దగ్గర ఆగిన పిల్లవాణ్ణి లెక్కల్లో కింది గుంపులో వేస్తే, వచ్చిన లెక్కనే మళ్ళీ మళ్ళీ చేస్తూ కూర్చుంటాడు.

స్థాయిలు తెలిశాక ఏం చేయాలి? రెండు దారులున్నాయి.

మొదటిది, రోజులో ఒక గంట తరగతుల గోడలు తీసేయడం. మూడు, నాలుగు, అయిదు తరగతుల పిల్లలందరినీ ఆ గంటసేపు తరగతిని బట్టి కాక, లెక్కల్లో ఉన్న స్థాయిని బట్టి కూర్చోబెడతారు. రెండంకెల సంఖ్యలు చదవడం రానివాళ్ళు ఒక గుంపు, తీసివేత దగ్గర ఆగినవాళ్ళు ఒకటి, భాగహారం నేర్చుకునేవాళ్ళు ఇంకొకటి. ఒక్కో టీచర్ ఒక్కో గుంపు చూస్తారు. పుల్లల కట్టలు, ఆట నోట్లు, ఒకటి నుంచి వంద దాకా ఉన్న పట్టిక చాలు, పెద్ద సామగ్రి అక్కర్లేదు. కొన్ని వారాలకోసారి మళ్ళీ అడిగి చూసి పిల్లల్ని పై గుంపుకు పంపుతారు. ఇద్దరే టీచర్లు అయిదు తరగతులు చూసే మన పల్లె బడుల్లో ఇది కొత్త భారంలా కనిపిస్తుంది. నిజానికి అక్కడే ఇది తేలిక. ఆ టీచర్లు ఎలాగూ రెండు మూడు తరగతులను ఒకే గదిలో కూర్చోబెడుతున్నారు. కూర్చోబెట్టే వరస మారుతుంది, అంతే.

ఈ పద్ధతికి ఆధారం ముంబయి, వడోదరాల్లో 2001–03 మధ్య జరిగిన ప్రయోగంలో ఉంది. వెనకబడిన పిల్లలు పదిహేను, ఇరవై మందిని రోజుకు రెండు గంటలు తరగతి బయటికి తీసుకెళ్ళి, స్థానిక యువతులు చదువు చెప్పారు. అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ దుఫ్లో, మరో ఇద్దరు పరిశోధకులు దీన్ని కొలిచారు. బయటికెళ్ళిన పిల్లలు బాగా మెరుగుపడ్డారు, ముఖ్యంగా లెక్కల్లో. నాకు ఇందులో మరీ ఆసక్తిగా అనిపించేది ఇంకో ఫలితం. తరగతిలోనే ఉండిపోయిన పిల్లలకు రెండు గంటలపాటు గది పలచబడింది. వెనకబడినవాళ్ళు కూడా పక్కన లేరు. అయినా వాళ్ళ చదువులో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. తరగతిలో పిల్లల సంఖ్య తగ్గితే చాలు, చదువు దానంతట అదే బాగుపడుతుందన్న నమ్మకాన్ని ఇది ప్రశ్నిస్తుంది. సంఖ్య తగ్గినా చెప్పే పాఠం మారకపోతే ఫలితం కూడా పెద్దగా మారదు.

బీహార్‌లో జరిగింది ఇంకా స్పష్టం. 2008 వేసవి శిబిరాల్లో ప్రభుత్వ టీచర్లే స్థాయిని బట్టి చెప్పారు, పిల్లలు మెరుగుపడ్డారు. అక్కడి టీచర్లకే శిక్షణ, సామగ్రి ఇచ్చి, బడి నడిచే రోజుల్లో ఇదే చేయమంటే ఫలితం రాలేదు. టీచర్లకు చేతకాక కాదు. వేసవిలో సిలబస్ లేదు. బడి తెరిచాక సిలబస్ వచ్చి ముందు నిలబడింది. దాన్నిబట్టి హర్యానాలో టైంటేబుల్‌లోనే విడిగా ఒక గంట కేటాయించి, పర్యవేక్షణ పెట్టి చేశారు. అక్కడ ప్రధానంగా భాష మీద చేశారు, చదవడంలో ఫలితం కనిపించింది. అంటే గంట విడిగా ఉండటం చిన్న విషయం కాదు. 'వీలు చూసుకుని చెప్పండి' అంటే ఆ వీలు ఎప్పటికీ దొరకదు.

తెలంగాణలో 2022లో మొదలైన 'తొలిమెట్టు' కార్యక్రమం, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో 'టార్ల్' పేరుతో నడిచిన కార్యక్రమం ఈ ఆలోచనకు దగ్గరివే. 2021లో కేంద్రం తెచ్చిన 'నిపుణ్ భారత్', మూడో తరగతి ముగిసేసరికి ప్రతి పిల్లవాడికీ చదవడం, లెక్కలు చేయడం వచ్చి తీరాలని 2026–27 గడువు పెట్టింది. ఇవి పనిచేస్తున్నాయా లేదా అని చూడటానికి యాప్‌లో ఎన్ని అంకెలు నింపారో చూస్తే చాలదు. గుంపుల్లో పిల్లలు కదులుతున్నారా అని చూడాలి. జూలైలో వేసిన గుంపులోనే డిసెంబరులోనూ అదే పిల్లలు ఉంటే, అది స్థాయిని బట్టి బోధన కాదు.

ప్రైవేటు బడుల్లో మార్కులను బట్టి వేసే సెక్షన్లకూ దీనికీ తేడా ఇక్కడే. ఆ సెక్షన్ ఏడాది పొడవునా ఉంటుంది. అన్ని సబ్జెక్టులకూ ఒకటే. పిల్లవాడు ఎక్కడ ఆగాడో చూసి వేసింది కాదు, మొత్తం మార్కులు చూసి వేసింది. 'సి' సెక్షన్‌లోనూ పుస్తకం అదే, వేగం కూడా దాదాపు అదే. పిల్లవాడికి మాత్రం తన మీద ఒక తీర్పు వచ్చేసింది. రోజుకో గంట ఉండే గుంపులో పిల్లవాడు తీసివేతలో కింద ఉండి, ఆకారాల పాఠంలో పైన ఉండొచ్చు.

రెండో దారిలో ఎవర్నీ లేపి వేరేచోట కూర్చోబెట్టనక్కర్లేదు. ప్రశ్నను మారుస్తారు. ఉదాహరణకు: 'పెళ్ళి భోజనాలకు ___ విస్తళ్ళు తెచ్చారు. ___ మిగిలాయి. ఎన్ని వాడారు?' ఖాళీల్లో పెట్టడానికి మూడు జతలు: (18, 6), (52, 27), (400, 136). కథ ఒకటే. ఏ జత తీసుకోవాలో పిల్లలే ఎంచుకోవచ్చు, టీచర్ చెప్పవచ్చు. అందరూ ఒకే లెక్క గురించి మాట్లాడుకోగలుగుతారు, ఎందుకంటే అందరూ చేస్తున్నది ఒకే రకం పని.

ఇంకాస్త ముందుకు వెళ్ళి, లెక్కను తిరగేసి కూడా ఇవ్వవచ్చు. 'ఒక సంఖ్యలోంచి ఇంకోటి తీసేస్తే 25 మిగిలింది. ఆ రెండూ ఏవి?' ఇప్పుడు ఎవరూ ఖాళీగా కూర్చోరు. 26లోంచి ఒకటి తీసినా సరైన జవాబే. 30 – 5 రాసే పిల్లవాడు, 100 – 75 రాసే పిల్లవాడు, 52 – 27 పుల్లలతో సరిచూసుకునే అమ్మాయి పక్కపక్కనే ఉంటారు. మన నాలుగో పిల్లవాడి సంగతి ఇక్కడికి వస్తుంది. వాడు అయిదు నిమిషాల్లో పదిహేను జతలు రాసి తల ఎత్తుతాడు. సాధారణంగా ఇలాంటి పిల్లవాడికి ఇంకో ఇరవై తీసివేతలు ఇస్తాం, లేదా పక్కవాడికి నేర్పమంటాం. మొదటిది శిక్షలాంటిది. రెండోది అప్పుడప్పుడూ మంచిదే, రోజూ అయితే వాడి చదువు ఆగిపోతుంది. దానికి బదులు ఇలా అడగండి: రెండు సంఖ్యలూ రెండంకెలవే అయితే ఇలాంటి జతలు మొత్తం ఎన్ని? 35 – 10 నుంచి 99 – 74 దాకా 65 వస్తాయి. వాటిలో అప్పు తెచ్చుకోవలసినవి ఎన్ని? ముప్పై. ఎందుకు ముప్పయ్యే? తీసేసే సంఖ్య చివర ఐదు నుంచి తొమ్మిది దాకా ఏ అంకె ఉన్నా అప్పు కావాలి, సున్నా నుంచి నాలుగు దాకా ఉంటే అక్కర్లేదు. ఇది కనుక్కున్న పిల్లవాడు నాలుగో తరగతి తీసివేతలోనే ఉండి, బీజగణితం వైపు అడుగేశాడు. పై తరగతి పుస్తకం ముందే తెరవనక్కర్లేదు.

ఈ రెండో దారిలో చిక్కు ఏమిటంటే, మంచి ప్రశ్నలు తయారు చేయడానికి సమయం కావాలి. అంకెలు చదవడం రాని అయిదో పిల్లవాడికి ఎంత మంచి ప్రశ్నయినా సాయపడదు. వాడికి మొదటి దారే కావాలి. అందుకే ఈ రెండూ పోటీ పద్ధతులు కావు.

రోజూ రెండు మూడు తరగతులను ఒక్కరే చూడాల్సిన బడికి మూడో ఏర్పాటు ఒకటి ఉంది. అది మన దగ్గర పుట్టిందే. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ చుట్టుపక్కల పల్లెల కోసం నడిపిన చిన్న బడుల్లో పద్మనాభరావు, రమ దంపతులు దీన్ని రూపొందించారు. పుస్తకాన్ని విడదీసి వందల కార్డులు చేశారు. పరిచయం, అభ్యాసం, మూల్యాంకనం (వచ్చిందో లేదో చూసుకోవడం) అని వాటిని ఒక నిచ్చెనలా పేర్చారు. మూల్యాంకనం కార్డులో తడబడితే అదనపు అభ్యాసం, బాగా చేస్తే ఇంకాస్త లోతైన పని. పిల్లవాడు తనున్న మెట్టు చూసుకుని తన కార్డు తనే తెచ్చుకుంటాడు. కొత్త విషయం నేర్చుకునేవాళ్ళు టీచర్ పక్కన కూర్చుంటారు, అభ్యాసం చేసేవాళ్ళు తోటి పిల్లలతో కూర్చుంటారు. దీని అసలు లాభం మిరప కోతలకు అమ్మానాన్నలతో వెళ్ళి మూడు వారాలకు తిరిగొచ్చే పిల్లల దగ్గర తెలుస్తుంది. మామూలు తరగతిలో వాళ్ళకు మూడు వారాల పాఠాలు పోయినట్టే. ఇక్కడ వదిలిన కార్డు దగ్గరే మళ్ళీ మొదలుపెడతారు. 1990లలో కర్ణాటకలోని హెచ్.డి.కోటె తాలూకా టీచర్లు దీన్ని చూసి 'నలి కలి' అనే పద్ధతిని తయారు చేసుకున్నారు. 2003లో చెన్నై కార్పొరేషన్ బడులు తీసుకున్నాయి, తర్వాత తమిళనాడు రాష్ట్రమంతా పాకింది. పొరుగు రాష్ట్రాల్లో పాకినంతగా మన దగ్గర నిలవలేదు. కార్డులతోనూ ఒక ప్రమాదం ఉంది. టీచర్ కార్డులు అందించే మనిషిగా మిగిలిపోతే, 'ఎలా చేశావు?' అన్న ప్రశ్న అడిగేవాళ్ళు ఉండరు.

టీచర్లు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: ఈ గంట తీస్తే సిలబస్ ఎవరు పూర్తి చేస్తారు? ఇది సాకు కాదు. విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్ టీచరు విధుల్ని వరసగా చెబుతుంది. నిర్ణీత సమయంలో పాఠ్యప్రణాళిక మొత్తం పూర్తి చేయాలని ఒక క్లాజు ఉంది. దాని కిందే, ప్రతి పిల్లవాడూ ఎంతవరకు నేర్చుకోగలుగుతున్నాడో అంచనా వేసి, అవసరమైతే అదనంగా బోధించాలని ఇంకో క్లాజు ఉంది. రెండూ ఒకే మనిషి మీద ఉన్నాయి. తనిఖీకి వచ్చే అధికారి మొదటిదాన్నే అడిగితే టీచర్ మొదటిదే చేస్తారు. ఏ పాఠంలో ఉన్నారని కాక, ఈ నెల ఏ గుంపు నుంచి ఏ గుంపుకు ఎంతమంది మారారని అడిగితే పని ఆ వైపు జరుగుతుంది. తల్లిదండ్రుల సమావేశంలో కూడా మార్కులతో పాటు ఈ ప్రశ్న అడగవచ్చు: మా పాప ఏ లెక్క దగ్గర ఆగింది, ఎందుకు?